చేతిలోని పాట గదిలోనికి

రేడియో పెట్టె ఇంటిలో ఒకచోట ఉండి అందరికిని పాడును. సావడిలో కూర్చున్నవారికి, వంటయింటిలో పోపు వేయుచున్నవారికి, అరుగుమీద విశ్రమించిన పెద్దవారికి అదే పాట అదే క్షణమున వినవచ్చును. పంచాయతీ రేడియోల కాలమున ఒక్క పెట్టె చుట్టును ఊరు ఊరే చేరెడిది. చేతిఫోను వచ్చిన పిదప ఈ ఏర్పాటు తలక్రిందులైనది. ఒకే గదిలో నలుగురు కూర్చుండి, నాలుగు ఫోనులలో నాలుగు పాటలు పెట్టుకొని, చెవులలో ఇయర్‌ఫోనులతో ఎవరికి వారే వినుచున్నారు. ఇది తప్పని నేననను. పరీక్షకు చదువుకొను పిల్లవాని ప్రక్కన తాతగారు హరికథ వినదలచినపుడు, చెవిలోని ఆ చిన్న పరికరము ఇద్దరికిని మేలే చేయును. కాని అదే హరికథను నలుగురును కలసి వినదలచినచో, ఫోనులోని స్వరమును గదిలోనికి పిలుచుట ఎట్లు? ఈనాటి నా ప్రసంగ విషయమిది.

ఫోనులో ఒక్కొక్క పనికి ఒక్కొక్క యాప్ ఉండునని మీరెరుగుదురు. హరికథలు, నాటకములు, ప్రవచనములు వినిపించు యాప్ ఒకటి ఉన్నదనుకొందము. దాని నిర్మాతలు తీగ లేకుండ ధ్వనిని స్పీకరునకును, దృశ్యమును టీవీ తెరకును పంపు సౌకర్యమును చేర్చదలచిరి. వాడువారికి ఇది తెరమీద ఒక చిన్న మీటగా మాత్రమే కనిపించును. ఆ మీట వెనుక నిర్మాతలు తేల్చుకొనవలసిన ప్రశ్న ఒకటి యున్నది. పాటను మోయవలసినది ఎవరు? ఫోనా, లేక వినిపించు పరికరమా? తక్కిన చిక్కులలో పెక్కు ఈ ప్రశ్ననుండియే పుట్టుచున్నవి.

ఫోనే మోయు పద్ధతులలో అందరికిని తెలిసినది బ్లూటూత్. స్వీడను దేశపు ఎరిక్సన్ సంస్థలో 1994లో ఈ ప్రయత్నము మొదలైనది. 1998లో ఐదు సంస్థలు కూడి దానికి ఒక సంఘమును స్థాపించినవి. పదవ శతాబ్దపు డెన్మార్కు రాజు ఒకని బిరుదే దీనికి పేరైనది. అది వాడు తరంగములు సెకనుకు సుమారు 240 కోట్ల సార్లు కంపించును. విజయవాడ కేంద్రమునకు మనమెరిగిన 837 కిలోహెర్ట్జుల మధ్యతరంగము పొడవు సుమారు 358 మీటర్లు కాగా, బ్లూటూత్ తరంగము పొడవు జానెడైనను లేదు. పన్నెండు సెంటీమీటర్లు మాత్రమే. ఇట్టి పొట్టి తరంగములు మన దేశమునకు క్రొత్త కావు. 1895లోనే కలకత్తాలో ఆచార్య జగదీశచంద్ర వసు ఇంతకంటెను పొట్టి తరంగములను గోడల గుండ పంపి దూరముననున్న గంటను మ్రోగించి చూపెను.

ఈ తరంగముల పేటలో రద్దీ మెండు. వైఫై కూడ ఇచ్చటనే తిరుగును. మైక్రోవేవ్ పొయ్యి కూడ ఇచ్చటనే రొద చేయును. అందుచేత బ్లూటూత్ ఒకచోట నిలువదు. తొక్కుడుబిళ్ల ఆడు పిల్లవలె 79 గడులలో ఒక గడినుండి ఇంకొక గడికి సెకనుకు 1600 సార్లు గెంతును. ఎచ్చట గెంతవలెనో పంపువానికిని అందుకొనువానికిని ముందే తెలిసియుండును గనుక పాట తెగదు.

యాప్ నిర్మాతకు ఇందులో పని తక్కువ. ధ్వనిని స్పీకరునకు మళ్లించుపనిని ఫోనే చూచుకొనును. కాని ఒక్క మర్యాద మాత్రము యాప్ పాటింపవలెను. బ్లూటూత్ బంధము హఠాత్తుగా తెగినపుడు పాట ఆగవలెను. లేకున్న ఆసుపత్రి వరండాలోనో, బస్సులోనో కూర్చున్న మనిషి చేతిలోని ఫోను గొంతెత్తి పాడ మొదలిడును. ఆండ్రాయిడ్ ఫోనులలో ఇట్టి సమయమున యాప్‌నకు అందు హెచ్చరిక పేరే "శబ్దము గోల కాబోవుచున్నది" అను అర్థము వచ్చునట్లు పెట్టిరి. ఆ హెచ్చరికను చెవిని పెట్టని యాప్‌లు ఇంకను ఉన్నవి. ఇట్టివాటిని నేను మంచి యాప్‌లనను.

బ్లూటూత్ తెచ్చు అసలు చిక్కు ఆలస్యము. పాటను కుదించి, ముక్కలు చేసి, పంపి, ఆవల కొంత నిలువచేసి, విప్పి వినిపించుటకు సెకనులో పదవవంతు మొదలు నాలుగవవంతు దాక పట్టవచ్చును. కేవలము పాట వినువానికి ఇది తెలియనే తెలియదు. నాటకము చూచువానికి తెలియును. పెదవి ముందు కదలి మాట వెనుక వచ్చును. ఏటి ఆవలి గట్టున చాకలి బట్టను బండమీద కొట్టుట మీరు చూచియుందురు. బట్ట బండను తాకుట కంటికి ముందు కనిపించి, చప్పుడు తరువాత వినిపించును. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లే నడచును గనుక, 170 మీటర్ల దూరముననున్న రేవునుండి చప్పుడు చేరుటకు అర సెకను పట్టును. ప్రకృతిలో ధ్వని కాంతికి వెనుకబడుటయే గాని ముందు వచ్చుట లేదు. ఇందుకు అలవడిన మన మనస్సు ఆలస్యమును కొంత క్షమించును; తొందరను క్షమించదు. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘమువారు 1998లో ప్రకటించిన సిఫారసులో ఇది స్పష్టముగా కనిపించుచున్నది. ధ్వని 45 మిల్లీసెకనులు ముందైనచో చూపరులు గుర్తింతురు. వెనుకబడినపుడు 125 మిల్లీసెకనులు దాటిన గాని గుర్తింపరు. కనుక తెలివిగల యాప్ స్పీకరు ఎంత ఆలస్యము చేయుచున్నదో ఫోనును అడిగి తెలిసికొని, బొమ్మను గూడ అంతసేపు పట్టియుంచి, రెండింటిని కలిపి విడుచును. ముందే తయారైన నాటకమునకు ఈ ఉపాయము చెల్లును. ఎదుట కూర్చుండి శ్రుతి కలిపి పాడుకొనువారికి మాత్రము చెల్లదు. అచ్చట తీగయే శరణ్యము.

ఇక రెండవ మార్గమునకు వత్తము. కావడిలో నీళ్లు మోసికొనిపోయి ఇచ్చుట ఒకటి. నూతికి దారి చూపి నీవే తోడుకొమ్మనుట వేరొకటి. రెండవ మార్గములో ఫోను పాటను పంపదు. పాట ఏ చిరునామాలో ఉన్నదో టీవీకి చెప్పి తప్పుకొనును. టీవీ తానే ఇంటి వైఫై ద్వారా ఇంటర్నెట్‌లోనికి పోయి ఆ పాటను తెచ్చుకొని వినిపించును. 2013 జూలైలో గూగుల్ వారు 35 డాలర్లకు అమ్మిన క్రోమ్‌కాస్ట్ అను చిన్న పరికరము ఈ పద్ధతిని ఇంటింటికి తెచ్చినది. ఆపిల్ వారు అంతకు ముందే, 2004లో, ఎయిర్‌ట్యూన్స్ పేరిట ధ్వనిని పంపు ఏర్పాటు చేసి, 2010లో దృశ్యమును గూడ చేర్చి ఎయిర్‌ప్లే అని పేరు మార్చిరి. పెక్కు గదులలో ఒకేసారి వినిపించు రెండవ ఎయిర్‌ప్లే 2018లో వచ్చినది.

మొదటి పని, ఇంటిలో పాడగలవారెవరో తెలిసికొనుట. దీనికి ఫోను ఒక విధమైన దండోరా వేయును. ఇంటి వైఫైలో 224.0.0.251 అను ఒక చిరునామా ఇందుకే కేటాయింపబడినది. దానికి పంపిన కేక ఇంటిలోని పరికరములన్నిటికిని వినబడును. "ఇచ్చట పాడగలవారెవరు?" అని ఫోను అడుగును. "సావడిలోని టీవీని నేను", "పడకగదిలోని స్పీకరును నేను" అని అవి బదులిచ్చును. ఆ పేర్లే మీ ఫోను తెరమీద వరుసగా కనిపించునవి. ఐఫోనులలో 2020నుండి ఒక మంచి కట్టుబాటు వచ్చినది. ఇంటిలోని పరికరములను వెదకుటకు యాప్ మీ అనుమతి కోరి తీరవలెను. అయితే ఇదేదో మోసమని భయపడి పెక్కుమంది కాదని నొక్కెదరు. తరువాత టీవీ పేరు ఎంత వెదకినను కనబడదు. యాప్ చెడిపోయినదని తలంతురు. అనుమతి అడుగుటకు ముందే ఎందుకడుగుచున్నారో రెండు మాటలలో తెలుగున చెప్పినచో ఈ బాధ సగము తీరును. ఫోను ఒక వైఫైలోను టీవీ వేరొక వైఫైలోను ఉన్నను ఇదే గతి పట్టును. చుట్టములకని వేరుగా పెట్టిన వైఫైలో దండోరా గోడ దాటదు.

చిరునామా అందించిన పిదప ఫోను కేవలము మీటల పెట్టెయగును. బ్యాటరీ ఖర్చు కాదు. ఎవరైన ఫోను చేసినను టీవీలోని హరికథ ఆగదు. కాని యాప్ నిర్మాతల నేర్పు బయటపడునది ఇచ్చటనే. కథ పన్నెండవ నిమిషములో ఉండగా మీట నొక్కినచో టీవీ పన్నెండవ నిమిషమునుండియే అందుకొనవలెను; మొదటికి పోరాదు. టీవీనుండి మరల ఫోనుకు తెచ్చుకొన్నపుడును అంతే. యాప్‌ను మూసి గంట తరువాత తెరచినచో, సావడిలో తన పాటయే ఇంకను నడచుచున్నదని అది గుర్తుపట్టవలెను. గుర్తుపట్టని యాప్ క్రొత్తగా తానును పాడ మొదలిడి, ఒకే ఇంటిలో రెండు కచేరీలు పెట్టును. ఫోనులో మాత్రమే దాచుకొన్న పాటను టీవీకి అందించుట వేరొక తిప్పలు. దానికి ఇంటర్నెట్‌లో చిరునామా లేదు గనుక, ఫోను తానే ఒక చిన్న నూయియై టీవీకి తోడిపోయవలెను.

ఒక ఇంటి తగవును గూడ చెప్పవలసియున్నది. ఇట్లు పాడుచున్న పరికరమును ఆపు మీట అదే వైఫైలోనున్న తక్కిన ఆండ్రాయిడ్ ఫోనులలో గూడ కనిపింపవచ్చును. తాతగారి హరికథను మేడమీది మనుమడు ఆపివేయగలడు! వలదనుకొన్నచో ఆ మీటను కనబడకుండ చేయు ఏర్పాటు అమరికలలో కలదు. చాలమందికి ఆ సంగతి తెలియదు.

ఇంతకంటె పెద్ద సంగతి ఇంకొకటి యున్నది. చిరునామా పద్ధతిలో పాటను మోయు బరువు ఫోనుకు తగ్గినను, మూడవవాని నమ్మకము అవసరమగును. టీవీకి తగిలించిన పరికరము నిజమైనదేనని ఫోనుకు ఋజువు చూపవలెను. ఆ ఋజువు ఒక ధ్రువపత్రము, దానికొక గడువుండును. 2025 మార్చి 9వ తేదీన లోకమందంతటను రెండవ తరము క్రోమ్‌కాస్ట్‌లు, క్రోమ్‌కాస్ట్ ఆడియోలు ఒక్కసారిగా పనిచేయుట మానినవి. 2015లో వెలువడిన ఆ పరికరములలోని ధ్రువపత్రమునకు పదేండ్ల గడువు ముగిసినది. పరికరము చెడలేదు, వైఫై చెడలేదు, ఇంటిలో ఎవ్వరును ఏమియు చేయలేదు. గూగుల్ వారు కొద్ది దినములలోనే సవరణ పంపిరి. ఆ లోపల, చెడిపోయినదేమోనని అన్నిటిని తుడిచి మొదటినుండి అమర్చబోయినవారికి ఇంకను చిక్కైనది. క్రోమ్‌కాస్ట్ తయారీని గూగుల్ వారు అంతకు ముందే, 2024 ఆగస్టులో, నిలిపివేసిరి. పాత వాల్వు రేడియో చెడినచో వీధి చివరనున్న మెకానిక్ విప్పి చూచి బాగుచేసెడివాడు. గడువు తీరిన ధ్రువపత్రమును ఏ మెకానిక్ బాగుచేయగలడు? అందుచేతనే యాప్ నిర్మాతలు ఒక్క సంస్థవారి పద్ధతిని మాత్రమే నమ్ముకొనక, చిరునామా పద్ధతితోపాటు బ్లూటూత్‌ను గూడ సరిగా పనిచేయునట్లు ఉంచవలెనని నా అభిప్రాయము. ఇంటివారు స్పీకరు కొనునపుడు వెనుక తీగ దూర్చు రంధ్రమున్నదా లేదా అని చూచుకొనుటయు మంచిది.

తెరను ఉన్నదున్నట్లు టీవీమీదికి పంపు మూడవ పద్ధతి చూచుటకు వింతగా ఉండును. ఫోను తెరమీద ఏమున్నదో అదంతయు పెద్ద తెరమీద కనబడును. ఇందులోని బరువును లెక్కవేసి చూడుడు. ఉత్తమమైన బొమ్మలో 1920 అడ్డు చుక్కలు, 1080 నిలువు చుక్కలు ఉండును. ఒక్కొక్క చుక్క రంగు చెప్పుటకు 24 బిట్లు. సెకనుకు 30 బొమ్మలు. గుణించినచో సెకనుకు 149 కోట్ల పైబడిన బిట్లు తేలును. దీనిని యథాతథముగ మోయుట సామాన్యమైన ఇంటి వైఫైకి శక్యము కాదు. ముందటి బొమ్మకును వెనుకటి బొమ్మకును భేదమున్న భాగమును మాత్రమే పంపి, దీనిని యాభై లక్షల బిట్లకు దించవచ్చును. 2003లో రూపొందిన కుదింపు పద్ధతి ఒకటి ఈనాటికిని ఈ పనిలో వాడుకలో ఉన్నది. కాని ఈ కుదింపును సెకనుకు ముప్పది మారులు ఫోనే చేయవలెను గనుక అది వేడెక్కును, బ్యాటరీ హరించును. కేవలము వినిపించు యాప్‌నకు ఈ పద్ధతి తగదు. పాఠము చెప్పువారు, ఫోనులోని చిత్రములను బంధువులకు చూపదలచినవారు వాడుకొనవచ్చును.

వేడికంటె మించిన భయము వేరొకటి. తెరమీద ఉన్నదంతయు కనబడునన్నపుడు, బ్యాంకునుండి వచ్చిన సందేశము కూడ చుట్టములందరి ఎదుట కనబడును. ఆండ్రాయిడ్‌లో యాప్ తెరను పట్టుకొనుటకు ముందు ప్రతిసారియు మీ అంగీకారము తీసికొనవలెనని 2023లో నియమము గట్టిపరచిరి. తెరంతయు గాక ఒక్క యాప్‌ను మాత్రమే పంపు వీలును వచ్చినది. ఇది ఇంటిలోపలి మాట. తెరను ఇంటి గోడలు దాటించి ఎవరో అపరిచితునికి చూపుట మాత్రము ప్రమాదకరము. బ్యాంకు ఉద్యోగినని చెప్పి, మీ చేత తెర చూపు యాప్ ఒకటి పెట్టించి, రహస్య సంఖ్యను తానే చదువుకొని ధనము హరించు మోసగాండ్రు ఉన్నారు. రిజర్వు బ్యాంకు వారు 2022లో వెలువరించిన హెచ్చరికల పుస్తకములో ఈ మోసమును గూడ వర్ణించిరి. పద్ధతి ఒక్కటే, ఆవల నున్నది మీ సావడిలోని టీవీయా, ముఖమెరుగని మనిషియా అనుటలోనే భేదము. తెర పంపుచున్నంతసేపు ఆ సంగతి స్పష్టముగ కనబడు గుర్తును, ఒక్క నొక్కుతో ఆపు మీటను ముందు ఏర్పరచిన పిదపనే నిర్మాతలు తక్కిన సొగసులను గూర్చి ఆలోచింపవలెను.

రెండు గదులలో రెండు స్పీకర్లు ఒకే పాటను పాడుట చిన్న విషయమువలె తోచును, కాదు. ప్రతి స్పీకరులోను ఒక స్ఫటిక గడియారము ఉండును. రెండు గడియారములు ఒకే నడక నడువవు. పదిలక్షలలో 50 వంతుల తేడా ఉన్నచో గంటకు 180 మిల్లీసెకనులు తేలును. మొదట కలసి పాడిన స్పీకర్లు గంట గడచుసరికి ఒకదాని వెనుక ఒకటి ప్రతిధ్వనివలె పలుకును. కోలాటములో అందరును పంతులుగారి తాళము చూచి కోల వేసినట్లు, స్పీకర్లన్నియు ఒక్క గడియారమును చూచి పాడవలెను. పాటలోని ప్రతి తునకమీదను "ఫలానా క్షణమున పలుకుము" అని వ్రాసి పంపుదురు. వెనుకబడినది కొంచెము తొందరపడును, ముందైనది కొంచెము ఆగును.

ఈ సందర్భమున రేడియో శ్రోతలకు ఒక మాట. ఆకాశవాణి ప్రసారములు న్యూస్ ఆన్ ఎయిర్ యాప్ ద్వారా ఫోనులలోను వినవచ్చును. గదిలో రేడియోను, ప్రక్కన ఫోనులో అదే కేంద్రమును పెట్టి చూడుడు. ఫోను వెనుకబడియుండును. ఇంటర్నెట్‌లో ప్రసారమును తరచు కొన్ని సెకనుల మూటలుగ కట్టి పంపుదురు. వినువాని పరికరము రెండు మూడు మూటలు చేరినగాని పాడదు. ఫోనునుండి టీవీకి అందించినచో ఇంకొంత ఆలస్యము చేరును. కనుక ఫోనులో వినిపించు గంటల సంకేతమును నమ్మి గోడ గడియారమును దిద్దుకొనకుడు.

ఇంతవరకు చెప్పిన బ్లూటూత్ ఒకనినుండి ఒకనికి పోవు మార్గము. 2020లో ప్రకటింపబడిన క్రొత్త బ్లూటూత్ ధ్వని విధానములో, ఒక పరికరము పలికినది చుట్టుప్రక్కల ఎందరైనను వినవచ్చును; జత కలుపుకొను పని లేదు. 2022లో దీనికి ఆరాకాస్ట్ అని పేరు పెట్టిరి. ఇది ఒక గదికి సరిపడు రేడియో కేంద్రమే! చెవిటితనమునకు పెట్టుకొను వినికిడి పరికరములను గూడ దృష్టిలో నుంచుకొని ఈ విధానమును రూపొందించిరి. టీవీలోని నాటకము వినికిడి మందగించిన మామ్మగారి చెవి పరికరములో ఆమెకు కావలసినంత గట్టిగాను, తక్కినవారికి మామూలుగాను ఒకేసారి వినిపింపవచ్చును. ఇందుకు టీవీయును చెవి పరికరమును రెండును ఈ విధానమును ఎరిగినవై యుండవలెను. పాత బ్లూటూత్ ఉన్నంత మాత్రమున చాలదు. వినికిడి పరికరము కొనబోవువారు దుకాణములో ఆరాకాస్ట్ కలదా అని పేరు చెప్పి అడిగి, అచ్చటనే చెవిని పెట్టుకొని విని చూచి తీసికొనవలెను.